కొత్త మిడిల్ స్కూల్ చీర్ స్క్వాడ్: మొదటి గేమ్‌కి ఆరు వారాలే, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్రిస్కో అమ్మ అడిగారు:

నమస్తే అండీ. టెక్సస్‌లో ఈ ఏడే తెరిచిన మిడిల్ స్కూల్ మాది. 7, 8 గ్రేడ్ల పిల్లలతో మొదటిసారి చీర్ స్క్వాడ్ (ఫుట్‌బాల్ గేముల్లో జట్టునీ జనాన్నీ హుషారుచేసే బృందం) పెట్టారు. స్పాన్సర్ టీచర్‌కీ, వాలంటీర్‌గా వెళ్తున్న నాకూ ఇది కొత్తే. 14 మంది ఆడపిల్లలు. ముగ్గురు ఆల్‌స్టార్ జిమ్‌లో (పోటీల కోసం చీర్ నేర్పే ప్రైవేటు జిమ్) చేసినవాళ్లు, ఇద్దరు కూచిపూడి నేర్చుకున్నవాళ్లు, మిగతా తొమ్మిది మందికీ ఏమీ తెలియదు. వారానికి రెండు ప్రాక్టీసులు, ఒక్కోటి 75 నిమిషాలు.

పది నిమిషాలు అరిచేసరికి గొంతులు బొంగురుపోతున్నాయి. అందరూ ఫ్లైయరే (మిగతావాళ్లు మోస్తుంటే పైన నిలబడే పిల్ల) అవుతామంటున్నారు. జిమ్‌లో నేర్చుకున్న ముగ్గురూ ఓ మూల బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగులు (వెనక్కి చేతుల మీదుగా వేసే పల్టీలు) వేసుకుంటుంటే మిగతావాళ్లు చూస్తూ నిలబడుతున్నారు. అప్పుడే ఇద్దరు మానేస్తామంటున్నారు. ఏ వరసలో నేర్పాలి? హుషారు తగ్గకుండా ఏం చేయాలి?

సైడ్‌లైన్ కోచ్ జవాబు:

ఫ్రిస్కో అమ్మగారూ, మానేస్తామంటున్న ఇద్దరి సంగతి ముందు. ఈ వయసు పిల్లలు కష్టమై మానేయడం తక్కువ. తనకేమీ రాదని అందరికీ తెలిసిపోతోందన్న సిగ్గుతో మానేస్తారు. అందుకని మొదటి మూడు వారాలు 14 మందీ ఒకే చోట నుంచి మొదలయ్యే పనే పెట్టండి: గొంతు, చేతులు, చాంట్లు (ఆట జరుగుతుండగా మళ్లీ మళ్లీ అరిచే చిన్న నినాదాలు). స్టంట్లు (ఒకరిని మిగతావాళ్లు పైకెత్తడం) వద్దు, టంబ్లింగ్ (పల్టీలు) వద్దు. అసలు 1898లో మిన్నెసోటా యూనివర్సిటీలో జానీ క్యాంప్‌బెల్ జనం ముందు నిలబడి వాళ్లచేత అరిపించడంతోనే చీర్‌లీడింగ్ మొదలైంది. జనం గొంతు కలిపారంటే ఆ స్క్వాడ్ పని చేసినట్టే.

75 నిమిషాలను ఇలా పంచుకోండి: వార్మప్ 10, మోషన్లు (చేతుల భంగిమలు) 15, చాంట్లు 25, జంపులు 10, బలానికి ప్లాంకులూ స్క్వాట్లూ 10, చివర 5 నిమిషాలు మాటలు. ఆగస్టు ఎండలో బయట వద్దు, జిమ్ దొరకకపోతే పొద్దున్నే పెట్టుకోండి. 15 నిమిషాలకోసారి నీళ్లు.

మోషన్లలో హై వీ (చేతులు పైకి V ఆకారంలో), లో వీ (కిందికి V), టీ (రెండు పక్కలకూ చాచి), బ్రోకెన్ టీ (టీలోనే మోచేతులు మడిచి), టచ్‌డౌన్ (నిటారుగా పైకి), డాగర్స్ (పిడికిళ్లు భుజాల దగ్గర) చాలు. కొత్తవాళ్లందరిదీ ఒకటే తప్పు: మణికట్టు వంగిపోతుంది. మోచేతి నుంచి పిడికిలి దాకా కర్రలా ఒకే గీతలో ఉండాలి, బొటనవేలు పిడికిలి బయట ఉండాలి. రెండో తప్పు, హై వీలో చేతులు చెవుల వెనక్కి పోవడం. వీపు గోడకు ఆనించి హై వీ పెట్టించండి. చేతులు గోడకు తగిలితే వెనక్కి పోయినట్టే. తల తిప్పకుండా కంటి కొసల్లో రెండు పిడికిళ్లూ కనబడాలి. అప్పుడు సరైన చోట ఉన్నట్టు. ఒకటో కౌంట్‌కి చెయ్యి చేరాలి, నాలుగు దాకా కదలకూడదు. ఊపుతూ వెళ్తే మెత్తగా కనిపిస్తుంది.

గొంతు బొంగురుపోతోందంటే కీచుగా, గొంతు బిగించి అరుస్తున్నారన్నమాట. పొట్ట మీద చెయ్యి పెట్టించి "హా, హా" అనిపించండి. ప్రతి "హా"కీ పొట్ట లోపలికి పోవాలి. శ్రుతి మామూలు మాటకంటే కాస్త కిందికి దించమనండి. తర్వాత ఏడుగురిని జిమ్ ఈ చివర, ఏడుగురిని ఆ చివర నిలబెట్టి చాంట్ చెప్పించండి. అటువాళ్లకు ప్రతి మాటా తెలియాలి. తెలియలేదంటే తొందరపడుతున్నట్టే. మాట చివరి హల్లు మింగేస్తే స్టాండ్స్‌లో వాళ్లకు వట్టి గోల వినిపిస్తుంది.

చాంట్ నేర్పేటప్పుడు ముందు మాటలొక్కటే, తర్వాత చేతులొక్కటే, ఆ తర్వాత రెండూ కలిపి నెమ్మదిగా, చివరికి అసలు వేగం. మొదటి రోజే రెండూ కలిపితే చేతులు చూసుకుంటూ మాట మర్చిపోతారు. మొదటి గేమ్‌కి 10 చాంట్లు చాలు: అఫెన్స్‌కి (బంతి మన చేతిలో ఉన్నప్పుడు) 4, డిఫెన్స్‌కి (అవతలివాళ్ల చేతిలో ఉన్నప్పుడు) 4, ఎప్పుడైనా పనికొచ్చేవి 2. టైమౌట్‌కి ఒక చీర్ (చాంట్ కంటే పొడుగైనది). బంతి ఎవరి చేతిలో ఉందో తెలియకుండా డిఫెన్స్ చాంట్ మొదలుపెడితే స్టాండ్స్‌లో అందరికీ తెలిసిపోతుంది, కాబట్టి ఒక ప్రాక్టీసులో అరగంట అమెరికన్ ఫుట్‌బాల్ ఆటే చెప్పండి. మన క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపే ఆటగాడు) సిగ్నల్ చెబుతున్నప్పుడు మౌనం. ఎవరైనా దెబ్బ తగిలి పడితే, ఏ జట్టువాడైనా సరే, చాంట్ ఆపేసి మోకాలి మీద కూర్చోవాలి.

జంపుల్లో హెర్కీతో మొదలెట్టండి. ఒక కాలు చాచి, ఒకటి మడిచి ఎగరడం కాబట్టి టో టచ్ (రెండు కాళ్లూ పక్కలకు చాచి ఎగరడం) కంటే తేలిక. అన్నట్టు, ఆ పేరు మీ డల్లాస్ వైపు మనిషిదే, ఎస్‌ఎమ్‌యూలో (సదర్న్ మెథడిస్ట్ యూనివర్సిటీ) చీర్‌లీడర్‌గా చేసిన లారెన్స్ హెర్కిమర్‌ది.

మ్యాట్ మీద మాట జవాబు:

కోచ్‌గారు చెప్పిన వరసే సరైనది. నేను స్టంట్ల గురించి మాత్రం రాస్తాను.

ముందు అథ్లెటిక్ డైరెక్టర్‌ని (స్కూల్ ఆటల బాధ్యత చూసేవారు) అడగండి. చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో మిడిల్ స్కూల్ స్టంట్ల మీద పరిమితులుంటాయి. మీరూ టీచర్‌గారూ ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (హైస్కూల్ ఆటల జాతీయ సంఘం) వాళ్ల కంకషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు అదరడం) కోర్సు చేయండి, ఆన్‌లైన్‌లో ఉచితం. ఆ మూల హ్యాండ్‌స్ప్రింగులు ఈ రోజే ఆపించండి. ఆల్‌స్టార్ జిమ్‌లో నేల కింద స్ప్రింగులుంటాయి, అదే ఎగిరేలా తోస్తుంది. స్కూల్ చెక్క నేల తోయదు. అలవాటైన ఊపుతో వేస్తే ఎత్తు చాలక బరువంతా మణికట్ల మీద పడుతుంది.

నాలుగో వారంలో థై స్టాండ్, అంటే ఫ్లైయర్ ఇద్దరి తొడల మీద నిలబడే స్టంట్. ఇద్దరు బేసులు (కింద మోసేవాళ్లు) పక్కపక్కనే లంజ్‌లో (ఒక మోకాలు మడిచి, రెండో కాలు చాచి) నిలబడాలి, లోపలి పాదాలు దగ్గరగా, మోకాలు పాదం మీదికి సూటిగా. ఫ్లైయర్ పాదం పెట్టే చోటే అన్నిటికంటే ముఖ్యం: తొడ మొదట్లో, తుంటి దగ్గరి గుంటలో. మోకాలి వైపు పెడితే బేస్ కాలు ఊగుతుంది, ఫ్లైయర్ జారుతుంది, బేస్‌కి తొడ కమిలిపోతుంది. ఫ్లైయర్ ఎక్కగానే మోకాళ్లు బిగించి రెండు కాళ్లూ లోపలికి నొక్కాలి. చూపు ఎదురుగా. కిందికి చూస్తే తలతోపాటు నడుమూ ముందుకు వాలుతుంది. కొత్త ఫ్లైయర్లు ఎక్కువగా పడేది ఇందుకే. వెనక బ్యాక్ స్పాట్ (పడకుండా కాపు కాసే పిల్ల) ఫ్లైయర్ నడుము పట్టుకుని ఉండాలి, కౌంట్ చెప్పేది తనే. 14 మందిలో నలుగురేసి మూడు గుంపులు, మిగిలిన ఇద్దరూ ముందు స్పాట్లు.

దిగడం ముందు నేర్పండి, ఎక్కడం తర్వాత. బేసులు పాదం కింద దన్ను వదలకుండా, ఫ్లైయర్ చెయ్యి పట్టుకుని ముందుకి దింపాలి. మూడు గుంపులూ వరసగా ఐదుసార్లు తొణక్కుండా చేస్తేనే ఫ్లైయర్‌ని భుజాల ఎత్తుకు లేపే ప్రెప్ అనే స్టంట్ గురించి ఆలోచించండి. మొదటి గేమ్‌కి అది లేకపోయినా లోటు లేదు.

అందరూ ఫ్లైయరే అంటున్నారు కాబట్టి థై స్టాండ్‌లో నాలుగు స్థానాలూ అందరిచేతా వేయించండి. పైన వణికిన పిల్ల కింద గట్టిగా నిలబడగలనని తనే తెలుసుకుంటుంది. ఫ్లైయర్‌గా ఎంచాల్సింది ఒళ్లు బిగపట్టి ఉంచగలిగే పిల్లని. సన్నగా ఉండి ఒళ్లు వదిలేసే పిల్లని మొయ్యడమే ఎక్కువ కష్టం. బరువు మాట మాత్రం ఎవరి ముందూ ఎత్తకండి.

కమ్మలు, ముక్కుపుడక, గాజులు, వాచీ అన్నీ తీసేయాలి. జడ పైకి కట్టాలి. గోళ్లు అరచేతి వైపు నుంచి చూస్తే కనబడకూడదు. చూయింగ్ గమ్ వద్దు. ఏఈడీ (గుండె ఆగితే షాక్ ఇచ్చే యంత్రం) ఎక్కడుందో, 911 ఎమర్జెన్సీ వాళ్లకు ఏ గేటు చెప్పాలో కాగితం మీద రాసి మ్యాట్ దగ్గరే పెట్టుకోండి.

అరమండి జవాబు:

మీ కూచిపూడి పిల్లల గురించి రెండు మాటలండీ. వాళ్లకు ఆది తాళం ఎనిమిది అక్షరాలూ ఒంట్లో ఉంటాయి కాబట్టి ఎనిమిది కౌంట్ల చాంట్ చప్పున పట్టుకుంటారు. కౌంట్ చెప్పే పని వాళ్లకివ్వండి. కానీ మణికట్టు వంచడం వాళ్లకు ఏళ్ల అలవాటు, గోడ దగ్గర అభ్యాసం రెట్టింపు చేయించాలి. బేస్‌గా కిందికి వంగమంటే అరమండిలోకి వెళ్లి మోకాళ్లు పక్కలకు తెరుస్తారు. పాదాలు భుజాల వెడల్పున, మోకాళ్లు ముందుకే అని గుర్తుచేస్తూ ఉండాలి.

ఆల్‌స్టార్ ముగ్గురికీ ముగ్గురేసి, నలుగురేసి పిల్లల్ని అప్పగించండి. పని ఖాయంగా చెప్పాలి: "ఈ వారం నీ గుంపులో అందరి హై వీ సరిచెయ్." ఊరికే సాయం చెయ్యమంటే పెత్తనం చేస్తారు. ప్రతి రెండు వారాలకీ గుంపులు మార్చండి.

మెచ్చుకోలు కూడా పేరుపెట్టి, చేసిన పని చెప్పి ఉండాలి. "బాగా చేశారు" అంటే ఎవరికీ అంటదు. "శుక్రవారం నీ మణికట్టు వంగింది, ఈ రోజు వంగలేదు" అంటే ఆ పిల్ల ఇంటికెళ్లి అద్దం ముందు చేస్తుంది. మొదటి రోజు చాంట్ ఫోన్‌లో వీడియో తీసి, మూడో వారంలో అదే చాంట్ పక్కన పెట్టి చూపించండి. రెండు చాంట్లు పిల్లల్నే రాయమనండి. తప్పుకి శిక్షగా పరుగులు పెట్టించకండి, అప్పుడు తప్పు దాచడం నేర్చుకుంటారు.

ఫ్రిస్కో అమ్మ:

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఇంకొక్కటి: గేమ్‌లో ఎవరైనా మధ్యలో మర్చిపోతే?

సైడ్‌లైన్ కోచ్:

చాంట్ మూడుసార్లు చెబుతారు కదా. మర్చిపోయిన పిల్ల చేతులు నడుము మీద పెట్టి, తలెత్తి, తెలిసిన మాటలు చెబుతూ రెండోసారికి కలవాలి. పక్కకు తిరిగి చూడకూడదు, నవ్వకూడదు. దీన్ని కూడా ప్రాక్టీసు చేయించండి: చాంట్ మధ్యలో మీరు ఒకరి భుజం తట్టండి, ఆ పిల్ల ఆగి, రెండోసారికి మళ్లీ అందుకోవాలి.