మా బాబుని పాత్‌ఫైండర్స్‌లో చేర్పించాలా?

వందనాలండీ అందరికీ. మాది గుంటూరు, ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాం, మేం లూథరన్ సంఘం వాళ్లం. బాబుకి 11 ఏళ్లు, స్కూల్ నుంచి రాగానే ఫోన్ పట్టుకుంటే ఇక వదలడు. పక్కింటి అడ్వెంటిస్ట్ (శనివారం ఆరాధన చేసే క్రైస్తవ సంఘం) పిల్లలు వాళ్ల సంఘం నడిపే పాత్‌ఫైండర్ క్లబ్‌కి (స్కౌట్స్ లాంటిది) వెళ్తున్నారు, వీడూ వెళ్తానంటున్నాడు. వేరే సంఘం వాళ్లని తీసుకుంటారా? మతం మార్చేస్తారేమో అని మా అత్తయ్యగారికి భయం.

జవాబు 1: తీసుకుంటారు అక్కా, 10 నుంచి 15 ఏళ్ల పిల్లలు ఎవరైనా చేరొచ్చు. 1950 నుంచి నడుస్తున్న క్లబ్ ఇది. ఫ్రెండ్ క్లాస్‌తో మొదలై గైడ్ దాకా ఆరు మెట్లుంటాయి, ఇవి కాక ముడులు, నక్షత్రాలు, వంట ఇలా ఒక్కోటీ నేర్చుకుంటే ఒక్కో హానర్ బ్యాడ్జ్ ఇస్తారు. మా పాప అయితే వారం రోజులు డైనింగ్ కుర్చీ కాలికి తాడు కట్టి విప్పి కట్టి విప్పి, ఆ బ్యాడ్జ్‌ని భుజం మీదుగా వేసుకునే పట్టీ మీద కుట్టించుకున్నాక గానీ నిద్రపోలేదు!

జవాబు 2: మంచిదే కానీ ఒకటి చూసుకోండి, అడ్వెంటిస్టులకి శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం వరకు విశ్రాంతి దినం. క్యాంప్‌కి వెళ్తే శుక్రవారం పొద్దు గూకేలోపే టెంట్లు వేసేయాలి, శనివారం ఆటల పోటీలుండవు, ఆరాధనే. బాబుకి శనివారం క్రికెట్ కోచింగ్ ఉంటే ముందే మాట్లాడుకోండి. అత్తయ్యగారిని కూడా ఒకసారి మీటింగ్‌కి తీసుకెళ్లండి, కళ్లారా చూస్తే ఆ భయం పోతుంది.

జవాబు 3: తొమ్మిదో తరగతికొచ్చాక టీన్ లీడర్‌షిప్ ట్రైనింగ్ ఉంటుంది, చిన్న పిల్లల బాధ్యత వీళ్లకే అప్పగిస్తారు. నలుగురిలో నోరు విప్పని మా అబ్బాయి ఇప్పుడు ఎనిమిదిమందితో పొయ్యి వెలిగించి వంట చేయిస్తున్నాడండీ, చూస్తే కళ్లు చెమర్చాయి.