గిట్ అంతగా రాదు. డాక్యుమెంటేషన్‌లో ఒక లోపం సరిచేసి పంపొచ్చా?

ప్రశ్న:
నమస్కారం అండి. నేను వాడే ఒక ఓపెన్ సోర్స్ పైథాన్ లైబ్రరీ ఇన్‌స్టలేషన్ పేజీలో "కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఈ లైను చేర్చండి" అని ఉంది. ఆ ఫైల్ ఎక్కడ ఉంటుందో, లేకపోతే మనమే సృష్టించుకోవాలో ఎక్కడా చెప్పలేదు. వెతుక్కునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ పేజీ సరిచేసి పంపాలని ఉంది. కానీ గిట్ (కోడ్‌లో మార్పులు నమోదు చేసే సాధనం) అంతంతమాత్రం, ఇంగ్లిష్ కూడా గొప్పగా రాయను. ఇంత చిన్న మార్పుని వాళ్లు పట్టించుకుంటారా?

జవాబు:
తప్పకుండా పట్టించుకుంటారండి. 2017లో గిట్‌హబ్ (ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కోడ్ ఉంచే సైట్) చేసిన ఓపెన్ సోర్స్ సర్వేలో 93 శాతం మంది అరకొర డాక్యుమెంటేషన్, పాతబడిన డాక్యుమెంటేషన్ తమకు ఎదురయ్యాయన్నారు. అదే సర్వేలో ప్రాజెక్టులకు పనిచేసేవాళ్లలో 60 శాతం మంది డాక్యుమెంటేషన్ జోలికి ఎప్పుడో గానీ వెళ్లం, లేదా అసలే వెళ్లం అన్నారు. ఆ లైబ్రరీ రాసినవాళ్లకి ఫైల్ ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా తెలుసు. అందుకే అది రాయాలని వాళ్లకి తట్టదు. కొన్నాళ్లు వాడితే మీకూ తట్టదు, ఇప్పుడే రాసేయండి.

అయితే ముందు ఒకటి చూసుకోండి. పేజీ అడ్రస్‌లో "స్టేబుల్" అని ఉందా, "లేటెస్ట్" అని ఉందా? స్టేబుల్ అంటే ఇప్పటికే విడుదలైన వెర్షన్‌ది. మీ లోపాన్ని లేటెస్ట్‌లో ఈపాటికే ఎవరో సరిచేసి ఉండొచ్చు. ఇష్యూల్లో (ప్రాజెక్టు లోపాలు నమోదు చేసే చోట) కూడా వెతకండి. తర్వాత "కాంట్రిబ్యూటింగ్" అనే ఫైల్ చదవండి, చిన్న మార్పులకి ముందు ఇష్యూ తెరవాలో అక్కర్లేదో అందులో ఉంటుంది. గిట్ కమాండ్లు రాకపోయినా పర్లేదు. గిట్‌హబ్‌లో ఆ ఫైల్ తెరిచి పెన్సిల్ గుర్తు నొక్కితే బ్రౌజర్‌లోనే రాయొచ్చు.

అడిగినవారు:
లేటెస్ట్‌లో కూడా అలాగే ఉందండి. పెన్సిల్ నొక్కితే ఫోర్క్ చేయమంటోంది. నావల్ల ప్రాజెక్టులో ఏదైనా చెడిపోతుందేమోనని టెన్షన్. ఇంకోటి, ఫైల్ పేరు చివర ఆర్ఎస్‌టీ అని ఉంది. నాకు మార్క్‌డౌన్ ఒక్కటే తెలుసు.

ఇంకొకరి జవాబు:
ఫోర్క్ అంటే మీ ఖాతాలోకి వచ్చే నకలు, అంతే. అందులో మీరు ఏం చేసినా అసలు ప్రాజెక్టుకి ఏమీ కాదు. వాళ్లు చూసి మెర్జ్ చేస్తేనే (కలుపుకుంటేనే) మార్పు అక్కడికి వెళ్తుంది.

ఆర్ఎస్‌టీ అంటే రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్. డాక్యుమెంటేషన్ పేజీలు తయారుచేసే స్ఫింక్స్ వాడే ప్రాజెక్టుల్లో, పైథాన్ సొంత డాక్యుమెంటేషన్‌తో సహా, ఇదే ఎక్కువ. మార్క్‌డౌన్ అలవాటున్నవాళ్లు ఇందులో రెండుచోట్ల పప్పులో కాలేస్తారు. కోడ్ పదానికి అటూ ఇటూ ఒక్కో బ్యాక్‌టిక్ (`) పెడితే సరిపోదు, రెండేసి పెట్టాలి. ఒక్కటే పెడితే మామూలుగా అది కోడ్‌లా కాక ఇటాలిక్‌లో కనిపిస్తుంది. రెండోది, శీర్షిక కింద గీసే గీత కనీసం శీర్షిక అంత పొడవు ఉండాలి. శీర్షికలో ఒక మాట పెంచి గీత పెంచడం మర్చిపోతే బిల్డ్‌లో (పేజీలు తయారయ్యేటప్పుడు) వార్నింగ్ వస్తుంది. చాలా ప్రాజెక్టుల్లో వార్నింగ్‌ని కూడా ఎర్రర్‌గానే లెక్కిస్తారు.

అన్నట్టు, ఫంక్షన్ల వివరాలుండే పేజీలు చాలావరకు కోడ్‌లోని డాక్‌స్ట్రింగ్‌ల (ఫంక్షన్ లోపలే రాసే వివరణల) నుంచి వాటంతటవే తయారవుతాయి. ఆర్ఎస్‌టీ ఫైల్‌లో ఆ వాక్యం దొరక్కపోతే కంగారుపడకండి, కోడ్ ఫైల్‌లో వెతకండి. మీది ఇన్‌స్టలేషన్ పేజీ కాబట్టి ఆ గొడవ ఉండకపోవచ్చు.

అడిగినవారు:
నేను రాసింది ఇదీ (సారం తెలుగులో): "టిల్డ్ (~) గుర్తుతో మొదలయ్యే పాత్‌లో ఉన్న కాన్ఫిగరేషన్ ఫైల్ తెరిచి, సింపుల్‌గా ఈ లైను చేర్చండి." ఆ పేజీలోనే అక్షరదోషాలు కూడా కనిపించాయి, ఖాళీ స్పేసులు అడ్డదిడ్డంగా ఉన్నాయి. అన్నీ కలిపి సరిచేసేశాను.

మొదటి జవాబు రాసినవారు:
ముందు "సింపుల్‌గా" తీసేయండి. అది చదివి కూడా ఇరుక్కున్నవాడికి ఒళ్లు మండుతుంది. టిల్డ్ గుర్తు విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పనిచేయదు కాబట్టి "మీ హోమ్ ఫోల్డర్‌లో" అని మాటల్లో రాసి, ఒక్కో సిస్టమ్‌కి పూర్తి పాత్ ఇవ్వండి. "ఫైల్ లేకపోతే కొత్తగా సృష్టించండి" అన్న ముక్క చేర్చండి, మీరు ఇరుక్కున్నది అక్కడే కదా. పాత్ మీ కంప్యూటర్‌లో చూసింది రాసేయకుండా, కోడ్‌లో ఆ ఫైల్‌ని చదివే చోటు పట్టుకుని సరిచూసుకోండి.

స్పేసుల సవరణలు మాత్రం వెనక్కి తీసుకోండి. నాలుగు లైన్ల మార్పు నలభై లైన్ల డిఫ్ (పాతకీ కొత్తకీ తేడా చూపే జాబితా) అయితే చూసేవాళ్లకి అసలు మార్పు ఏదో కనపడదు. అక్షరదోషాలకి వేరే పుల్ రిక్వెస్ట్ (మార్పు కలుపుకోమని పంపే అభ్యర్థన) పెట్టుకోవచ్చు. వివరణలో ఏ వెర్షన్, ఏ సిస్టమ్, ఎక్కడ ఆగిపోయారు, రెండు మూడు వాక్యాలు చాలు. ఇంగ్లిష్ గురించి దిగులొద్దు, తప్పులుంటే రివ్యూలో వాళ్లే సర్దుతారు. విషయం తప్పైతేనే ఇబ్బంది.

మరొకరు:
రీడ్‌మీలో ఏదో ఒక పదం మార్చి పంపినా కాంట్రిబ్యూషన్ కిందే లెక్క కదా? ఇంత శ్రమ ఎందుకు?

మొదటి జవాబు రాసినవారు:
2020 హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో (ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపమని ప్రోత్సహించే అక్టోబర్ కార్యక్రమం) టీషర్ట్ కోసం జనం సరిగ్గా అదే చేశారు. పనికిరాని మార్పులు వెల్లువెత్తి మెయింటెయినర్లు (ప్రాజెక్టు చూసుకునేవాళ్లు) విసిగిపోతే, నిర్వాహకులు కార్యక్రమం నడుస్తుండగానే నియమం మార్చి, ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులే లెక్కలోకి వస్తాయన్నారు. దయచేసి ఆ దారి పట్టకండి.

అడిగినవారు:
పుల్ రిక్వెస్ట్ పంపానండి! కానీ డీసీఓ అని ఎర్ర గుర్తు పడింది. దానితోపాటు రివ్యూలో ఒకరు వాక్యం కొంచెం మార్చి సజెషన్ ఇచ్చారు. ఇది మూసేసి కొత్తది తెరవాలా?

ఇంకొకరి జవాబు:
వద్దండి, ఉన్నదాన్నే సరిచేయండి. డీసీఓ అంటే డెవలపర్ సర్టిఫికేట్ ఆఫ్ ఆరిజిన్, లైనక్స్ కెర్నల్ వాళ్లు 2004లో తెచ్చిన పద్ధతి. "ఇది పంపే హక్కు నాకుంది" అని కమిట్ (గిట్‌లో నమోదైన మార్పు) మెసేజ్ చివర "సైన్డ్ ఆఫ్ బై" అనే లైనులో మీ పేరు, ఈమెయిల్ రాయాలి. ఎర్ర గుర్తు పక్కన "డీటెయిల్స్" నొక్కితే పాత కమిట్‌ని సరిచేసే కమాండ్లు అక్కడే ఉంటాయి, కాపీ చేసుకోండి. ముందు అది పూర్తిచేసి, తర్వాత సజెషన్ నచ్చితే "కమిట్ సజెషన్" నొక్కండి. అప్పుడు వచ్చే మెసేజ్ పెట్టెలో కూడా ఆ లైను మర్చిపోకండి, లేదంటే ఎర్ర గుర్తు మళ్లీ పడుతుంది.