సెకండ్‌హ్యాండ్ ఫైబర్ తెప్ప కొంటున్నా, ఇంజను ఎలా చూడాలి?

డొంకూరు కుర్రాడు
అన్నలూ, బాహుదా నది మొగ (సముద్రంలో కలిసేచోటు) అవతల, ఒడిశా వైపు సోనాపూర్‌లో ఒక ఫైబర్ తెప్ప అమ్మకానికి ఉంది. 9.9 హెచ్‌పీ అవుట్‌బోర్డు (తెప్ప వెనక బిగించే ఇంజను), టూ స్ట్రోకు, కిరోసిన్ మోడల్. రెండూ కలిపి లక్షా ఎనభై వేలు చెబుతున్నాడు. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ తెప్పలో వాటాకి వెళ్ళినవాళ్ళం, ఇంజను దగ్గరే టెన్షన్. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది, ఆలోపు తేల్చుకోవాలి. ఇంజను బిగించే వెనక పలక సంగతి, ఒడిశా కాగితాల సంగతి కూడా చెప్పండి.

బారువ తెప్ప
తమ్ముడూ, నేను మోసపోయాను కాబట్టి చెబుతున్నా. నేను వెళ్ళేసరికే అమ్మేవాడు ఇంజను ఆడించి ఉంచాడు. నా ముందు ఒక్క లాగుకే లేచింది, మురిసిపోయి డబ్బు ఇచ్చేశా. మర్నాడు తెల్లవారుజామున మా ఒడ్డున పాతికసార్లు లాగినా లేవలేదు. చెయ్యి బొబ్బలెక్కింది, పక్క తెప్పలన్నీ కెరటం దాటి వెళ్ళిపోయాయి. వేడి మీద ఎంత అరిగిన ఇంజనైనా లేస్తుంది. వెళ్ళగానే పైమూత తీయించి చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఆరోజుకి వచ్చెయ్యి, ఇంకోరోజు చెప్పకుండా వెళ్ళు.

పలాస మెకానిక్
ఇరవై రెండేళ్ళుగా అవుట్‌బోర్డులే విప్పుతున్నాను. చల్లని ఇంజను లేచినంత మాత్రాన సరిపోదు. రెండు ప్లగ్గులూ తీసి పక్కపక్కన పెట్టండి. రెండూ ఒకే గోధుమ రంగులో ఉండాలి. ఒకటి మాత్రం కడిగినట్టు తళతళలాడుతుంటే ఆ సిలిండర్లోకి నీళ్ళు పోతున్నాయి, హెడ్డు గాస్కెట్టు పోయినట్టే. తర్వాత గేజి పెట్టి కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి) చూడాలి. రెండు సిలిండర్లకీ తేడా పది శాతం దాటితే వదిలెయ్యండి. ప్లగ్గులు నల్లగా జిడ్డుగా ఉంటే టూటీ ఆయిల్ (టూ స్ట్రోకు ఇంజనుకి ఇంధనంలో కలిపే నూనె) ఎక్కువ పోసి నడిపాడని అర్థం. లీటరుకి 20 మి.లీ. చాలు, మనవాళ్ళు వినరు.

కవిటి సరంగు
20 మి.లీ. పోస్తే కిరోసిన్ ఇంజను పట్టేస్తుంది. ముప్పై ఏళ్ళు సముద్రం మీద ఉన్నవాణ్ణి, నేను 40 పోస్తాను. మెకానిక్కులకి ఇంజను పడితేనే కదా పని.

పలాస మెకానిక్
సరంగు గారూ, ఆ మాట బాగోలేదు. ఆయిల్ ఎక్కువైతే రింగుల్లో మసి పట్టి ఇరుక్కుపోతాయి. అలాంటి పిస్టన్లు ఎన్ని సుత్తితో కొట్టి తీశానో మా షెడ్డుకి వచ్చి చూడండి.

కవిటి సరంగు
చూడక్కర్లేదు. మీరు చెప్పేది పెట్రోలు లెక్క. కుర్రాడు అడిగింది కిరోసిన్ మోడల్. మీ మాట నమ్మి వాడు 20 పోస్తే, మొగ దగ్గర కెరటాల్లో ఇంజను ఆగితే, మీరు వస్తారా లాక్కురావడానికి? మా మేనల్లుడి తెప్ప అలాగే తిరగబడింది.

పలాస మెకానిక్
మోడల్ సరిగ్గా చదవలేదు, తప్పు నాదే. 20 పెట్రోలుకే. కిరోసిన్‌కి అంతకన్నా ఎక్కువ కావాలి, ఆ మోడల్ పుస్తకంలో ఎంతుంటే అంతే పొయ్యాలి. గుడ్డిగా 40 అనడం మాత్రం ఒప్పుకోను.

నువ్వలరేవు అక్క
ఆయిల్ గొడవ ఆపి నా మాట వినండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కొట్టిన తర్వాత, చీటీ ఎత్తి మా ఆయనకి ఇంజను కొనిచ్చాను. కొత్త రంగు వేసి మెరుస్తోంది. ఆ రంగు బోల్టుల తలల మీదా, రబ్బరు గొట్టాల మీదా కూడా ఉంది. అప్పుడే అనుమానించాల్సింది. అది తుఫానులో మునిగి, ఉప్పునీళ్ళలో రోజుల తరబడి ఉండిపోయిన ఇంజను. రెండు నెలలకే లోపల బేరింగులు గరగరమన్నాయి. మునిగినదాన్ని వెంటనే మంచినీళ్ళతో కడిగి, సిలిండర్లలో ఆయిల్ పోసి, ఆ పూటే ఆడిస్తేనే బతుకుతుంది. పైమూత తీసి బోల్టుల చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుందేమో చూడు నాయనా. ఆ చీటీ నేను మూడేళ్ళు కట్టాను.

ఇచ్ఛాపురం రైతు
అంత భయమెందుకు, ప్రధానమంత్రి మత్స్య సంపద పథకంలో కొత్తదే తీసుకోవచ్చు కదా. జనరల్‌కి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకి 60 శాతం సబ్సిడీ.

బారువ తెప్ప
సబ్సిడీ పోను మిగతా మా వాటా ఎవరు పెడతారండీ? బ్యాంకు చుట్టూ తిరిగేలోపు వేట కాలం అయిపోతుంది.

గంజాం తెలుగోడు
సోనాపూర్ కాదు గానీ, మా రుషికుల్య నది వైపు సంగతి. తాబేళ్ళ కోసం మొగ దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా నిషేధం. తాబేళ్ళు ఉండాలి, కాదనను, మరి మా పిల్లలూ తినాలి కదా. అందుకే ఇక్కడ తెప్పలు చవగ్గా అమ్ముకుంటున్నాం. ఏడు నెలలు షెడ్డులో పడున్న ఇంజనుకి కార్బ్యురేటర్లో కిరోసిన్ జిగురు కడుతుంది, నీళ్ళు తోడే రబ్బరు రెక్కలు వంగిపోయి అలాగే బిగుసుకుంటాయి. పక్కనుంచి నీళ్ళ ధార సన్నగా వస్తే ఆ రెక్కలే మార్చాలి, అది చిన్న ఖర్చు. డ్రమ్ములో ఆడించి చూపిస్తే ఒప్పుకోవద్దు. పెట్రోలుతో లేపి, వేడెక్కాక కిరోసిన్‌కి మార్పించి, గేరు వేసి సముద్రంలో పావుగంట నిండుగా పరిగెత్తించు.

పలాస మెకానిక్
అసలుది మర్చిపోయాను. ఇంజను రాత్రంతా నిటారుగా ఉన్నాక, పొద్దున్నే కింద ఫ్యాను దగ్గర గేరాయిల్ స్క్రూ కొంచెం వదులు చెయ్యి. నీళ్ళు ఉంటే అడుగున చేరి ముందు అవే వస్తాయి. క్లాంపు మీద ప్లేటు నంబరు బిల్లులో నంబరుతో కలవాలి. సబ్సిడీ ఇంజనైతే అమ్మే హక్కు అతనికి ఉందో లేదో అక్కడి మత్స్యశాఖ ఆఫీసులో అడిగాకే అడ్వాన్సు ఇవ్వు.

డొంకూరు కుర్రాడు
పొద్దున అయిదింటికి వెళ్ళాను. ఇంజను చల్లగానే ఉంది, నాలుగో లాగుకి లేచింది. ప్లగ్గులు బాగున్నాయి. స్క్రూ వదులు చేస్తే నా వేలి మీద మొదట మూడు చుక్కలు నీళ్ళు పడ్డాయి, తర్వాత పాలు పోసిన టీ రంగులో నూనె వచ్చింది. అతని మొహం మాడిపోయింది. పాతిక వేలు తగ్గిస్తానంటున్నాడు. నీళ్ళు లోపలికి పోకుండా ఆపే సీళ్ళు మారిస్తే సరిపోతుందా? వెనక పలక సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

పలాస మెకానిక్
సీళ్ళు చవకే. గేర్ల పళ్ళు తుప్పు తిన్నాయేమో విప్పితే గాని తెలీదు. అతని ఖర్చుతో, నీ ముందే విప్పించు.

కవిటి సరంగు
పలక సంగతి నేను చెబుతా. ఇంజను కింది కాలు రెండు చేతులతో పట్టుకుని గట్టిగా పైకీ కిందికీ ఊపు. పలక కూడా కదిలిందా, ఫైబరు లోపల చెక్క కుళ్ళినట్టే. రూపాయి బిళ్ళతో అంచు పొడవునా కొట్టుకుంటూ రా, టకటకమంటే గట్టిది, డొబడొబమంటే నీళ్ళు పట్టింది. రేపు నేనే వస్తా, ఇచ్ఛాపురం బస్టాండు దగ్గర ఆరింటికి ఉండు.