వేర్వేరు దేశాల వాళ్లకి తేదీ, టైమ్ ఎలా చూపిస్తే అయోమయం ఉండదు?

అందరికీ నమస్కారం. మా అక్క ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్పుతుంది, బుకింగ్ వెబ్‌సైట్ పని నాది. పిల్లలు డల్లాస్, డబ్లిన్, సింగపూర్‌లలో ఉన్నారు.

04/05/2025 అని పెడితే మనకూ డబ్లిన్ వాళ్లకూ మే 4, డల్లాస్ వాళ్లకు ఏప్రిల్ 5. ఐఎస్ఓ 8601 (తేదీలు రాసే అంతర్జాతీయ పద్ధతి) ప్రకారం 2025-05-04 అని రాయొచ్చు కానీ, తల్లిదండ్రులు చూసే పేజీలో అది బ్యాంకు రికార్డులా ఉంటుంది. అందుకే నెల పేరు అక్షరాల్లో, పక్కన వారం పేరు పెట్టేశాను. ఆ గొడవ తీరింది.

అసలు టెన్షన్ టైమ్‌తోనే. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, ఐర్లాండ్‌లో మార్చి చివరి ఆదివారం. మనకా బాధే లేదు. దాంతో ఇక్కడి శనివారం సాయంత్రం 6:30 క్లాసు డల్లాస్‌లో చలికాలం ఉదయం 7కి, వేసవిలో 8కి పడుతుంది. పోనీ పక్కన 'ఐఎస్‌టీ' అని రాద్దామంటే, ఐర్లాండ్ వేసవి టైముకీ అవే అక్షరాలు!

ప్రస్తుతం డేటాబేస్‌లో యూటీసీ (ప్రపంచమంతా ఒకటే లెక్కగా వాడే టైమ్) దాచి, బ్రౌజర్ టైమ్‌జోన్ బట్టి చూపిస్తున్నాను. పేజీలో బాగానే ఉంది. మరి రిమైండర్ మెయిల్స్ సంగతి? అక్కడ బ్రౌజర్ ఉండదు కదా. సైన్అప్‌లోనే ఊరు అడిగి దాచుకోవాలా? సెలవులకి ఇండియా వచ్చినవాళ్లకి ఏ టైమ్ పంపాలి? రెండు టైములూ పక్కపక్కన వేస్తే ఇంకా తికమక పడతారేమో. ఇలాంటి సైట్ నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే, మీరేం చేశారో కాస్త చెప్పండి.