కాయిల్ కనెక్టర్లు కరిగిపోయాయి, కొత్తవి అతికిస్తే చాలా? హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం మార్చాలా?

ప్రశ్న:
నా పికప్‌ది వీ8 పెట్రోల్ ఇంజన్, ఒక్కో స్పార్క్ ప్లగ్ మీద దానికి కరెంట్ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ ఒక్కోటి ఉంటుంది. లోడ్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు జర్క్ ఇస్తోంది, స్కాన్ చేస్తే పి0303 కోడ్ వచ్చింది, అంటే మూడో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండడం లేదని (మిస్‌ఫైర్). ఆ కాయిల్ తీద్దామని కనెక్టర్ పట్టుకోగానే లాక్ చేతిలోకి ఊడొచ్చింది, ప్లాస్టిక్ కరిగి కాయిల్‌కి అతుక్కుపోయి ఉంది. పక్క సిలిండర్‌దీ దాదాపు అదే పరిస్థితి. ఫ్యూజ్ మాత్రం పోలేదు, అదే అంతుపట్టడం లేదు. కనెక్టర్లు కోసేసి కొత్తవి వేస్తే సరిపోతుందా? సోల్డర్ చేయాలా, క్రింప్ (వైర్లని లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించడం) చేయాలా?

జవాబు 1:
ముందు కరగడం ఎక్కడ మొదలైందో చూడండి, అది తేలకుండా కొత్తది వేస్తే అదీ కరుగుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి వేడి పొగ బయటికి పోయే గొట్టం) వైపు పైపైన కరిగి, లోపల పిన్నులు మెరుస్తూ ఉంటే వేడి బయటి నుంచి వచ్చినట్టు. అప్పుడు హీట్ షీల్డ్ ఉందో ఊడిపోయిందో చూడండి, మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర నల్లటి మసి చారలు వెతకండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని వినిపించి వేడెక్కాక తగ్గుతుంటే అక్కడ లీక్ ఉన్నట్టే అనుకోవచ్చు.
అలా కాకుండా పిన్ చుట్టూ గోధుమ రంగుకి మారి, బయటికి వచ్చేకొద్దీ బాగుంటే వేడి లోపలే పుట్టింది. పిన్ వదులైనా తుప్పు పట్టినా ఆ చిన్న చోట రెసిస్టెన్స్ పెరిగి అక్కడే కాలుతుంది. ఫ్యూజ్ కరెంట్ ఎంత పోతోందన్నదే చూస్తుంది, పిన్ ఎంత వేడెక్కిందో దానికి తెలియదు, అందుకే పోలేదు.

జవాబు 2:
రెండే పాడైతే హార్నెస్ మార్చాల్సిన పని లేదండి, వైర్లతో వచ్చే కొత్త కనెక్టర్లు వేసుకోండి. బ్యాటరీ నెగటివ్ తీసి, ఒకదాని తర్వాత ఒకటి చేయండి, రెండూ ఒకేసారి కోయొద్దు. కొత్తదాని వైర్ల రంగులు పాతవాటితో కలవకపోవచ్చు, పిన్ స్థానం చూసి కలపాలి, కోసే ముందే ఫోటో తీసుకోండి. పాత వైర్ తొక్క తీస్తే రాగి నల్లగా ఉందనుకోండి, మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోస్తూ పోవాలి, నల్లటి రాగి మీద ఎంత గట్టిగా నొక్కినా కనెక్షన్ నిలవదు.
నేనైతే క్రింపే అంటాను. సోల్డర్ వైర్ లోపలికి పాకి కొంత మేర పుల్లలా గట్టిపడుతుంది, ఇంజన్ వైబ్రేషన్‌కి సరిగ్గా ఆ గట్టిదనం ఆగిన చోట విరుగుతుంది. క్రింప్ చేసి గట్టిగా లాగి చూడండి, ఆపైన లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే గొట్టం) వేయండి. ఉత్త టేప్ ఆ వేడికి జిగురు వదిలేస్తుంది. అతుకులన్నీ ఒకే చోట రాకుండా కాస్త ముందూ వెనకా వేయండి.

ప్రశ్న అడిగినవారు:
చూశానండి, రెండింటిలోనూ పిన్ చుట్టూనే కాలింది, బయట బాగానే ఉంది. పాత కాయిల్సే వాడొచ్చా?

జవాబు 3:
కాయిల్ పిన్నులు నల్లబడి ఉంటే వద్దు, ఆ పిన్ కొత్త కనెక్టర్‌నీ కాల్చేస్తుంది. రెండు వైర్ల కాయిల్ అయితే ప్రైమరీ ఓమ్స్ (కాయిల్ లోపలి మొదటి చుట్ట రెసిస్టెన్స్) కొలిచి బాగున్న కాయిల్‌తో పోల్చండి, బాగా తక్కువ చూపిస్తే లోపల షార్ట్, ఎక్కువ కరెంట్ లాగుతోంది. మూడు నాలుగు వైర్లుంటే లోపల డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది, ఈ కొలత పనికిరాదు, మార్చేయడమే మేలు.
ప్లగ్గులు కూడా తీసి చూడండి, అరిగి గ్యాప్ పెరిగితే స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజ్ కావాలి, ఆ భారం కాయిల్ మీదే పడుతుంది. చెక్ ఇంజన్ లైట్ వెలిగి ఆరుతూ ఉంటే మాత్రం దయచేసి బండి నడపొద్దు, కాలని పెట్రోల్ వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది, దాని ముందు ఈ కనెక్టర్ల ఖర్చు లెక్కే కాదు.
బిగించేటప్పుడు డైఎలెక్ట్రిక్ గ్రీజ్ (కరెంట్ ప్రవహించని గ్రీజ్) రబ్బరు సీల్‌కీ, ప్లగ్ బూట్ లోపలా పలుచగా రాయండి, పిన్నుల్లో కూరొద్దు. క్లిక్ మని లాక్ పడ్డాక వైర్లని పాత క్లిప్పుల్లోనే పెట్టండి, వేలాడితే ఆ బరువుకే పిన్ మళ్లీ వదులవుతుంది.