క్లాస్‌లో ప్రైవేట్ మెథడ్స్ నిజంగా అవసరమా?

ప్రశ్న: జావాలో బిల్లింగ్ క్లాస్ రాస్తున్నాను. జీఎస్‌టీ కలపడం, పైసలు రౌండ్ చేయడం వేరే మెథడ్స్‌గా (పేరుతో పిలిచి వాడే కోడ్ ముక్కలుగా) విడదీశాను. వాటిని ప్రైవేట్ చేయమని, అంటే ఆ క్లాస్ లోపలి నుంచే పిలవగలిగేలా పెట్టమని మా లీడ్ అంటున్నారు. పబ్లిక్‌గా ఉంచితే నష్టమేంటండీ?

జవాబు: తప్పకుండా ప్రైవేట్ చేయండి. పబ్లిక్ మెథడ్ అంటే బయటివాళ్లకు మీరిచ్చిన మాట. 10.25 ధర, 5 శాతం పన్ను, 3 వస్తువులు అనుకోండి. విడివిడిగా రౌండ్ చేస్తే 32.28, చివర్లో చేస్తే 32.29. రేపు ఈ పద్ధతి మార్చమంటే, ఆ మెథడ్‌ని ఎవరెవరు నేరుగా పిలుస్తున్నారో ప్రాజెక్టంతా వెతకాలి. లైబ్రరీగా బయటికి ఇచ్చేశాక వెతికే వీలు కూడా ఉండదు. ప్రైవేట్ అయితే ఆ ఒక్క ఫైల్ చూస్తే చాలు, టెన్షన్ ఉండదు.

ఇంకొకరు: పైథాన్‌లో అసలు ప్రైవేటే లేదు కదా? పేరు ముందు అండర్‌స్కోర్ పెడతాం, అంతే. రెండు పెట్టినా లోపల పేరు మారుతుంది తప్ప బయటి నుంచి పిలవడం ఆగదు.

ప్రశ్న అడిగినవారు: మరి రౌండింగ్‌ని విడిగా టెస్ట్ చేయాలంటే?

జవాబు: పబ్లిక్ మెథడ్ ద్వారానే చేయండి, పైన చెప్పిన 3 వస్తువులే ఇచ్చి చూడండి. అలా కుదరనంత పెద్దదైతే రౌండింగ్‌కి వేరే క్లాస్ రాయండి. టెస్ట్ కోసమని ప్రైవేట్ మాత్రం తీసేయొద్దు. అన్నట్టు, డబ్బు లెక్కలకి డబుల్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే జావా టైప్) వద్దండీ, వాటిని కచ్చితంగా దాచే బిగ్‌డెసిమల్ వాడండి.