సీసాల్లోని బీరుకు డెక్స్‌ట్రోజ్ బదులు బెల్లం వాడవచ్చునా?

ప్రశ్న: డల్లాస్‌లో ఇంట్లో తయారుచేసుకున్న 19 లీటర్ల పోర్టర్ (ముదురు రంగు) బీరు సీసాల్లో నింపడానికి సిద్ధంగా ఉంది. సీసాలో ఈస్ట్ పులియబెట్టి గ్యాస్ పుట్టించడానికి ఇంతవరకు డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ చక్కెర) కలిపేవాడిని. ఈసారి ఊరి నుంచి వచ్చిన అనకాపల్లి బెల్లం వాడాలని ఉంది. ఎంత కలపాలి?

మొదటి సమాధానం: తప్పక వాడవచ్చు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద పులిసిన బీరులో దాని ఘనపరిమాణానికి దాదాపు 0.85 రెట్ల కార్బన్ డయాక్సైడ్ ముందే కరిగి ఉంటుంది. లీటరుకు సుమారు 4 గ్రాముల పంచదార మరొక రెట్టు చేరుస్తుంది. 2.4 రెట్లు కావాలంటే మీకు 115 నుంచి 120 గ్రాముల పంచదార సరిపోతుంది. బెల్లంలో తేమ, ఖనిజాలు ఉన్నందున కాస్త ఎక్కువ పడుతుంది గాని, అచ్చును బట్టి అది మారుతుంది కాబట్టి 125 గ్రాములు దాటవద్దు. నీటిలో మరిగించి, నలకలు లేకుండా వడకట్టి, చల్లార్చి కలపండి.

రెండవ సమాధానం: లెక్క సరైనదే. అయితే ఇంత కొద్ది బెల్లంతో రుచి తెలియదు. రుచే కావాలంటే వచ్చేసారి వోర్ట్ (మాల్ట్ నుంచి తీసిన, ఇంకా పులియని తీపి ద్రవం) మరిగేటప్పుడే వేయండి. తేనె కూడా పనిచేస్తుంది, పాలలో ఉండే చక్కెర లాక్టోజ్‌ను మాత్రం బీరు ఈస్ట్ పులియబెట్టలేదు. సీసాలు పగలడానికి ముఖ్య కారణం పులియడం పూర్తికాకముందే నింపడం. హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రతను కొలిచే సాధనం) మూడు రోజులు ఒకే అంకె చూపితేనే నింపండి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. ఒక ప్లాస్టిక్ సీసా కూడా నింపి, అది గట్టిపడటాన్ని బట్టి ఒత్తిడిని గమనిస్తాను.